నలభై ఆరు మార్కుల అప్పగింత

పిల్ల మాయమైన ఇంట్లో గోడకి మార్కుల కాగితం అతికించి ఉండటం ఇన్నేళ్ల వృత్తిలో నేనెక్కడా చూడలేదు.

యాభైకి నలభై ఆరు. కింద ఎర్ర సిరాతో ‘చాలా బాగా చేశారు’ అని రాసుంది. దాని పక్కన సంతకం అనుకోవాల్సిన మెలికల గీత ఒకటి. ఆ కాగితం కిందే కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది. ఈ ఆడపిల్లల హోమ్‌ని పద్దెనిమిదేళ్లుగా ఆవిడే నడుపుతోంది. ఇక్కడున్న ముప్ఫై ఒక్కమందికీ ఆవిడ పెద్దమ్మ, కాబట్టి నాకూ పెద్దమ్మే. ఐదేళ్ల కిందట ఇక్కడి వంటగది కాలిపోయినప్పుడు బీమా కంపెనీ తరఫున తనిఖీకి వచ్చాను. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక కూడా ఆవిడ నా నంబరు చెరపలేదు. ఇవాళ మధ్యాహ్నం ఒకటీ నలభైకి, పోలీసులకన్నా ముందు నాకే ఫోన్ చేసింది.

ఇప్పుడు టైము రెండూ పది.

"మొదట్నుంచీ చెప్పు పెద్దమ్మా. ఏడుపు తరవాత. కావాలంటే ఇద్దరం కలిసే ఏడుద్దాం."

ఆవిడ కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. మళ్లీ తీసేసింది. "పదీ ఐదుకి వచ్చాడమ్మాయ్. తెల్లచొక్కా, మెడలో ట్రస్టు కార్డు. నేను పిచ్చుకకి బాబాయిని, పిల్లని తీసుకెళ్లడానికొచ్చాను అన్నాడు. చేతిలో అట్ట పట్టుకున్నాడు. దానిమీద ఈ మార్కుల కాగితం. దాస్తున్నట్టే దాస్తూ నాకు కనబడేలా పట్టుకున్నాడు. ఓహో, పరీక్ష ఇదేనన్నమాట అనుకున్నాను."

పరీక్ష సంగతి ఆవిడ నాకు ఫోన్లోనే చెప్పింది. మూడు హోములకి సాయం చేసే ట్రస్టు ఒకటుంది. ఆ హోముల్ని ‘బలోపేతం’ చెయ్యడానికి ఆరువారాల కిందట ఒక కన్సల్టెంట్‌ని పెట్టారు. ఫైళ్లు ఎలా ఉంచాలి, పిల్లల్ని బంధువులకి ఎలా అప్పగించాలి, అన్నింటికీ పద్ధతులు రాశాడాయన. రాయడమే కాదు, నాటకం వేయించాడు. ఒకరు బంధువు వేషం వేస్తారు. కాగితాలు చూడాలి, రహస్య ప్రశ్న అడగాలి, సంతకం తీసుకోవాలి, పిల్లని గేటు దాకా తీసుకెళ్లి అప్పగించాలి. పది నిమిషాలాగి పిల్ల తిరిగొస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఎప్పుడో ఒకరోజు చెప్పాపెట్టకుండా ముక్కూమొహం తెలియని మనిషిని పంపి పరీక్ష పెడతాననీ, మార్కులు వేస్తాననీ కూడా ముందే చెప్పి ఉంచాడు.

"రహస్య ప్రశ్నకి జవాబు చెప్పాడా?"

"తడుముకోకుండా చెప్పాడు. దాని కుడి మోకాలి మీద మచ్చ ఎలా వచ్చిందో కూడా."

"పిచ్చుక ఏమంది?"

"దానికి ఆట కదమ్మాయ్. నాటకాల్లో ఎప్పుడూ అదే పిల్ల వేషం. ఎగురుకుంటూ వచ్చింది. ‘బాబాయ్, మీరు బాగా చెయ్యట్లేదు, మొన్నటాయన ఇంకా బాగా చేశారు’ అని వాడికే చెప్పింది." పెద్దమ్మ కళ్లజోడు కొంగుతో తుడిచింది. "పదీ ఇరవై మూడుకి గేటు దాటారు. ఇది అసలు పరీక్ష కాబట్టి మధ్యాహ్నం భోజనాలయ్యాక తెస్తాననీ, మధ్యలో ఫోన్లు చేస్తే మార్కులు పోతాయనీ అన్నాడు. ఒంటిగంట దాటినా రాకపోతే అప్పుడు కన్సల్టెంట్‌కి ఫోన్ చేశాను. నేనెవర్నీ పంపలేదే అన్నాడాయన."

"నాలుగు మార్కులు దేనికి కోశాడు?"

"ఆలస్యం చేశానట. పన్నెండు నిమిషాల్లో అవ్వాల్సింది పద్దెనిమిది పట్టిందట. కళ్లజోడు కనబడక వెతుక్కున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లని ఎత్తుకుపోయేవాడు, ఇంకాస్త తొందరగా ఇవ్వలేదని మార్కులు కోసి మరీ వెళ్లాడు! అది చూసుకుని ఈ పిచ్చితల్లి మురిసిపోయి గోడకి అతికించుకుంది.

పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి ట్రస్టు కార్యదర్శి నిలబడి ఉంది. నాకన్నా పదేళ్లు చిన్నది, నెమ్మదైన మనిషి. నేను వచ్చేసరికే కారేసుకుని వచ్చి, పెద్దమ్మ చేత మంచినీళ్లు తాగించింది.

"మిగతా రెండు హోములకీ ఫోన్ చేసి జాగ్రత్త చెప్తానండీ. వాళ్లూ ఈ పరీక్ష కోసమే కాచుకుని ఉన్నారు" అందావిడ.

మంచి ఆలోచన అనిపించింది. ఆ మాట పైకి కూడా అన్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. అప్పుడు రెండూ ఇరవై.

ఆవిడ అటు వెళ్లగానే బూట్ల చప్పుడుతో ఇన్‌స్పెక్టర్ ఇటు వచ్చాడు. పోలీసుశాఖకి ఇన్‌స్పెక్టర్, నాకు మాత్రం చెల్లెలి మొగుడు. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని మా చెల్లెలు అందరికీ చెప్పుకుంటుంది.

"వదినా, మళ్లీ నువ్వేనా? నేను ఎక్కడికెళ్తే అక్కడికి ముందే వచ్చి కూర్చుంటావేం?"

"నువ్వు ఆలస్యంగా వస్తావు కాబట్టి మరిదీ."

వాడు నవ్వలేదు. "ఎల్లుండి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన పిల్ల. తల్లి చావు కేసు. నిందితుడు ఆ పిల్ల తండ్రే, రెండు నెలల కిందట బెయిల్ మీద బయటికొచ్చాడు. అలాంటి పిల్లని గేటు దాకా సాగనంపి, టాటా చెప్పి వచ్చింది ఈవిడ. నేను స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను."

"తీసుకెళ్లి?"

"అడుగుతాను."

"ఇక్కడ అడగడానికి నోరు రాదా? ఆ తండ్రి ఎక్కడున్నాడో ముందు అది చెప్పు."

"ఇంట్లోనే ఉన్నాడు. పొద్దుట్నుంచీ కదల్లేదు. మా వాళ్లిద్దరు వాడి గుమ్మం ముందే ఉన్నారు."

"అంటే వాడు ఇంట్లో కూర్చుంటే వాడి పని ఇంకొకళ్లు చేసిపెడుతున్నారు. ఈ ముసలావిడ కళ్లజోడు దొరక్క ఆరు నిమిషాలు వెతుక్కుంది మరిదీ. నేరంలో చెయ్యున్న మనిషైతే ఆ కళ్లజోడు పొద్దున్నే పెట్టుక్కూర్చునేది."

"నీ బీమా తెలివితేటలు నా దగ్గర చూపించకు."

"నీ దగ్గర ఏమీ లేనప్పుడు ఎవరో ఒకరు చూపించాలి కదా!"

పెద్దమ్మ లేచి నిలబడింది. "తీసుకెళ్లండి బాబూ. నేను తప్పు చేశాను, కాదనను. కానీ నన్ను అడుగుతూ కూర్చుంటే పిల్ల సంగతేంటి?"

మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు కూర్చున్నాడంటే నాకు పది నిమిషాలు దొరికినట్టే.

గోడ మీది కాగితం అంచు పట్టుకుని జాగ్రత్తగా ఊడదీశాను. ప్రశ్నలు అచ్చువి, మార్కులు చేత్తో వేసినవి. ఎడమవైపు పైనుంచి కిందిదాకా సన్నటి నల్లగీత ఒకటి, కొంచెం వాలుగా. జిరాక్స్ మిషన్ అద్దం మీద గీత పడితే కాగితాల మీద కూడా అలాగే పడుతుంది. దొంగ బిల్లుల్ని ఈ గీతలతోనే నేను ఎన్ని పట్టుకున్నానో!

పెద్దమ్మ ఫోన్ అందగానే వచ్చి పక్కగదిలో కూర్చున్న కన్సల్టెంట్‌ని పిలిపించాను. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, ఒళ్లో లాప్‌టాప్. నేను నోరు తెరవకముందే, "మేడమ్, నేను ఎవర్నీ పంపలేదు. పరీక్ష వచ్చే వారం పెట్టుకున్నాను. కావాలంటే నా ప్రణాళిక చూడండి" అన్నాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరని నేనింకా అడగలేదే, అప్పుడే భుజాలు తడుముకుంటున్నారు. ఈ కాగితం మీదేనా?"

చూశాడు. "ఫారం నాదే. రాత నాది కాదు."

"మీ ఫారాలు ఎక్కడ అచ్చు వేయిస్తారు?"

"ఇంట్లో, నా ప్రింటర్ మీద."

బీరువాలోంచి శిక్షణ ఫైలు తీయించాను. నాటకాలప్పుడు నింపిన ఫారాలు పదకొండున్నాయి. అన్నీ తిరగేశాను. ఒక్కదాని మీదా గీత లేదు. అప్పుడు తలుపు పక్కనున్న నోటీసు బోర్డు చూశాను. సెలవుల జాబితా, దోమల మందు చల్లే తేదీ, పిల్లల పళ్ల పరీక్ష కబురు. మూడూ ట్రస్టు ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలే. మూడింటికీ ఎడమవైపు అదే నల్లగీత, అదే వాలు.

మరిది నా భుజం మీదుగా చూస్తున్నాడు. కాగితాలు వాడి చేతిలో పెట్టాను. ఆ మాత్రం అర్థం చేసుకోగలడు, పాపం.

"ట్రస్టు ఆఫీసులో కాపీ తీశారు" అన్నాడు మెల్లగా. వెంటనే కన్సల్టెంట్ మీదికి తిరిగాడు. "నువ్వు రోజూ అక్కడికే వెళ్తావు కదరా?"

"వారానికొకసారి సార్! ఫారం మాత్రం వాళ్లకిచ్చాను, ఆమోదం కోసం. నేను చేసే ప్రతిదీ వాళ్లు ఆమోదించాలి."

"పద, జీపెక్కు."

"మరిదీ, నీకు ఎవరో ఒకర్ని జీపెక్కిస్తే గాని అన్నం అరగదా? రెండు నిమిషాలు ఓపిక పట్టు." కన్సల్టెంట్ ఎదురుగా కూర్చున్నాను. "ఈ పని మీకు రాకముందు ఏం చేసేవారు?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "హోటళ్లకి శిక్షణ ఇచ్చేవాణ్ని మేడమ్. కస్టమర్‌లా మారువేషంలో మనిషిని పంపి, సిబ్బంది ఎలా మర్యాద చేస్తున్నారో మార్కులు వేయడం నా పని."

"పిల్లల సంస్థల్లో?"

"ఇదే మొదటిసారి."

"మీతో పాటు ఎవరూ దరఖాస్తు పెట్టలేదా?"

"ఐదుగురం పెట్టాం. ఒకావిడకి పిల్లల సంక్షేమంలో ఇరవై ఏళ్ల అనుభవం. ఆవిణ్ని కాదని నన్నెందుకు తీసుకున్నారో నాకూ ఆశ్చర్యమే వేసింది. అడిగితే తీసుకోవడం మానేస్తారేమోనని అడగలేదు."

"ఈ మారువేషం పరీక్ష ఇక్కడ పెట్టాలని ఎవరికి తోచింది? మీకేనా?"

"కాదు మేడమ్." ఆయన లాప్‌టాప్ తెరిచి నావైపు తిప్పాడు. "నన్ను తీసుకునేటప్పుడే చెయ్యాల్సిన పనుల జాబితా ఇచ్చారు. అందులో ఆరోది చూడండి. ‘ముందుగా తెలపకుండా, అపరిచిత వ్యక్తి ద్వారా పిల్లల అప్పగింత పరీక్ష.’ నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. హోటల్లో కాఫీ చల్లారితే మార్కులు కొయ్యొచ్చు, పిల్లలతో ఇదేం ఆట అనిపించింది. కానీ ఒప్పుకున్నాను. సంతకం పెట్టాను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు తల వంచుకున్నాడు. నాకు ఆయన మీద కోపం సగం దిగిపోయింది. పని కావాలనే ఆశతో అడగాల్సిన ప్రశ్న మింగేసినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

జాబితా పైన తేదీ ఉంది. తండ్రి బెయిల్ మీద బయటికొచ్చిన తొమ్మిదో రోజు.

"ఈ జాబితా రాసిందెవరు?" అన్నాను.

"కార్యదర్శి గారే."

మరిది వరండా వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఎవరూ లేరు.

"కారు దగ్గరికి వెళ్లుంటుంది" అన్నాడు. పరుగెత్తాడు. నేను మాత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. పారిపోయిన మనిషికన్నా ముందు నాకు ఆ పిల్ల కావాలి. కానీ ఒక ముడి విడిపోవట్లేదు. సాక్ష్యం చెప్పకుండా చెయ్యాలంటే గేటు బయట కాచుకుని బెదిరించినా సరిపోతుంది. ఆరువారాల ముందు నుంచి ఇంత నాటకం దేనికి?

"పెద్దమ్మా, పిచ్చుక ఆ రోజు నిజంగా ఏం చూసింది? నీకెప్పుడైనా చెప్పిందా?"

"ఏమీ చూళ్లేదమ్మాయ్. తలుపు వెనకాల కళ్లు గట్టిగా మూసుక్కూర్చుందట. చూసింది దాని తమ్ముడు, బొండం. మంచం కింద ఉన్నాడట. పోలీసులకి చెప్తే వాణ్ని కూడా లాక్కెళ్తారని దీని భయం. నేనే చూశానని చెప్పేసింది. ఎనిమిదేళ్ల పిల్ల! ఎల్లుండి కోర్టులో కూడా అలాగే చెప్తానంటుంది. పదిహేను రోజుల కిందట రాత్రి నా పక్కన పడుకుని చెప్పింది."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికీ లేదు." ఆగింది. "కొత్త ఫైల్లో ‘బిడ్డ మనసులోని దిగులు’ అని ఒక గడి ఉంది. అది నింపకుండా వదిలేస్తే మార్కులు పోతాయన్నారు. అందులో రాశాను. ఫైళ్లు పోయిన వారం ట్రస్టుకి పంపాం."

మొదట వాళ్లకి కావాల్సింది పిచ్చుకే. పోయిన వారం నుంచి కావాల్సింది ఇద్దరూ. చూసినవాడు బొండం అయితే మరి పిచ్చుక ఎందుకు?

జవాబు కూడా ఆ వెంటే తట్టింది. ఆరేళ్ల కుర్రాడు, మనుషులంటే బెదిరిపోయే కుర్రాడు, ముక్కూమొహం తెలియని బాబాయి వస్తే కదలడు. అక్క వచ్చి రమ్మంటే కదులుతాడు. పిచ్చుకని ఎత్తుకెళ్లింది తమ్ముణ్ని బయటికి రప్పించడానికి. తల్లి కోసం నోరు తెరవాల్సిన ఇద్దరూ ఒకేచోట, ఒకే మనిషి చేతిలో.

"బొండం ఎక్కడుంటాడు?"

"ట్రస్టు వాళ్లదే మగపిల్లల హోమ్‌లో. బడి నుంచి రెండున్నరకి వస్తారు."

టైము రెండూ ముప్ఫై ఎనిమిది.

మరిది రొప్పుతూ తిరిగొచ్చాడు. "కారు లేదు. అప్పుడే వెళ్లిపోయిందట, వాచ్‌మన్ చెప్పాడు."

"మగపిల్లల హోమ్‌కి ఎంతసేపు?"

"పావుగంట. ఎందుకు?"

"నీ మనుషుల్ని పంపు, ఇప్పుడే. తరవాత చెప్తాను." నిజంగానే ఈసారి వాడు ఎదురు మాట్లాడలేదు. వైర్‌లెస్ తీశాడు. నేను పెద్దమ్మ ఫోన్లోంచి ఆ హోమ్ నంబరు కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను.

నాలుగోసారి మోగాక వార్డెన్ ఎత్తాడు. మాస్టారు అంటారట ఆయన్ని, పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు.

"మాస్టారూ, నేను డిటెక్టివ్‌ని, పెద్దమ్మ హోమ్ నుంచి మాట్లాడుతున్నాను. ఎవరొచ్చి ఏ కాగితం చూపించినా సరే, బొండాన్ని పంపకండి. గేటుకి తాళం వెయ్యండి."

అవతల చిన్న నవ్వు వినిపించింది. "వచ్చిందా ఫోను! దీనికోసమే చూస్తున్నామండీ."

"ఏమిటి చూస్తున్నారు?"

"కార్యదర్శి గారు ఇందాకే ఫోన్ చేసి చెప్పారు. పరీక్ష మధ్యలో డిటెక్టివ్‌నంటూ ఒకావిడ ఫోన్ చేస్తుంది, అరుస్తుంది, కంగారు పెడుతుంది, మీరు మాత్రం పద్ధతి తప్పకండి అని. మీరు చాలా సహజంగా చేస్తున్నారండీ."

మరిది నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఒరేయ్, నేను ఇన్‌స్పెక్టర్ని! పిల్లాణ్ని పంపావంటే నిన్ను లోపలేస్తాను!"

"ఆహా, పోలీసు గారు కూడా! అదీ చెప్పారు లెండి."

పెద్దమ్మ ముందుకొచ్చింది. "మాస్టారూ, నేను పెద్దమ్మని. ఇరవై ఏళ్లుగా నన్ను ఎరుగుదురు. నేను ఎప్పుడైనా అబద్ధం ఆడానా? పొద్దున ఇలాగే నా పిల్లని ఇచ్చేశాను. మీరు ఇవ్వకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."



"పెద్దమ్మగారూ, మీరూనా?" అన్నాడాయన. గొంతులో నవ్వు తగ్గింది. అనుమానం వచ్చినట్టుంది. వెంటనే, తనకు తనే సర్ది చెప్పుకుంటున్నట్టుగా, "కాదులెండి, మీ పిల్లకేమైంది? నిక్షేపంగా ఉంది. ఇప్పుడే చూశాను కదా, గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. మావాడు అక్కని చూశాక ఆగుతాడా? చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు."

"ఆపండి మాస్టారూ, వాణ్ని ఆపండి!" పెద్దమ్మ కేక పెట్టింది.

"ఎలా ఆపనండీ? సంతకాలు అయిపోయాయి, కారు కదిలింది" అన్నాడు మాస్టారు.